అడిగింది ఒక్క మాటే

"వంగిండా?"

నిజామాబాద్‌లో మా పత్రిక ఆఫీసు మెట్లెక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి, టెలిప్రింటర్ పక్కనున్న బెంచీ మీద కూర్చుంటూ ఆయన అడిగే మొదటి మాట అది. ఎవరి గురించి అడుగుతున్నాడో చెప్పేవాడు కాదు. మాకూ చెప్పించుకునే అవసరం ఉండేది కాదు. మొదట్లో నేపాల్ రాజు, తర్వాత చాలా ఏళ్లపాటు ఇరాక్ అధ్యక్షుడు. ఒక పెద్ద దేశం ఒక చిన్న దేశాన్ని సరుకులు ఆపో, సైన్యాన్ని చూపించో దారికి తెచ్చుకోవాలని చూస్తున్నప్పుడల్లా ఆయనకు మా ఆఫీసులో పని పడేది.

ఇంకా వంగలేదంటే, "వంగుతడు. జర దబావ్ పెరగాలె" అనేవాడు. కుడిచేతి బొటనవేలు బల్ల మీద ఆనించి, గోరు తెల్లబడేదాకా ఒత్తి చూపించేవాడు. ఉర్దూ మీడియంలో చదువుకున్న తరం మనిషి. ఒత్తిడి అనే మాట ఆయన నోట నేను వినలేదు.

ఆయన పోయాడని పోయిన నెల మా బోధన్ విలేకరి ఫోన్ చేసి చెప్పాడు. జిల్లా పేజీలో చిన్న వార్త వేశారు. చెరుకు రైతుల నాయకుడు, ఊరి పెద్దమనిషి అని రాశారు. రెండూ నిజమే. నా మట్టుకు ఆయన అంతర్జాతీయ పేజీ పాఠకుడు. జిల్లా ఎడిషన్‌లో ఆ పేజీ చేసేవాడికి పాఠకుడు కంటికి కనబడడం అరుదు. మేం అనువదించి పడేస్తాం, అది పొట్లాలకు పోతుంది. ఈయన మాత్రం చెరుకు మీటింగుకు బోధన్ నుంచి వచ్చిన ప్రతిసారీ, తోటివాళ్లు హోటల్ దారి పడితే మా దగ్గరికి వచ్చేవాడు. పత్రిక చేతికిస్తే జిల్లా పేజీలు చూడకుండానే మడిచి కింద పెట్టేవాడు. "గివన్ని మనకు ఎరుకున్నయే గద సార్" అని, విదేశీ వార్తలున్న పేజీ ఒక్కటే పైకి వచ్చేట్టు మడతపెట్టి, పెదాలు కదుపుతూ చదివేవాడు.

ఆయనతో నాకు పరిచయం పెరిగింది నేపాల్ రోజుల్లో. నేపాల్‌కు సరుకులు వెళ్లే దారుల్లో చాలావాటిని మన ప్రభుత్వం మూసేసింది. అక్కడ కిరోసిన్‌కు జనం బారులు తీరుతున్నారని వార్తలు వస్తున్నాయి. ఆయన ముఖం వెలిగిపోయేది.

"ఢిల్లీవాళ్లకు ఇప్పుడు అకల్ వచ్చింది సార్, తెలివొచ్చింది. గిది మా దిక్కు ఎప్పటికెల్లో ఉన్నదే. తుపాకి అక్కర లేదు, కట్టె అక్కర లేదు. మాట బంద్, నిప్పు బంద్, నీళ్లు బంద్. ఎన్ని దినాలుంటడు?"

మా జిల్లావాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు చెప్పాలి. ఇక్కడి చాలా ఊళ్లలో ఊరి కమిటీ ఉంటుంది. దాని మాట కాదన్న ఇంటిని వెలి వేస్తారు. డప్పుతో చాటింపు వేయిస్తారు. ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. కిరాణా దుకాణంలో ఉప్పు పుట్టదు. మంగలి గడ్డం చెయ్యడు, చాకలి బట్ట ముట్టడు, కూలీ పొలంలో దిగడు. ఎవరైనా జాలిపడి పలకరిస్తే వాళ్లకూ అదే గతి. పోలీసులు జీపులో వచ్చి అడిగితే, మా ఊళ్లో అలాంటిదేమీ లేదని అందరూ ఒక్క గొంతుతో చెబుతారు. జీపు దుమ్ము అణగకముందే అన్నీ మామూలుగా బందవుతాయి.

మంజీర ఒడ్డుకు పోయే దారిలో ఉన్న తన ఊళ్లో ఆయనే కమిటీ పెద్ద. నేపాల్ గురించి అంత ఉత్సాహంగా మాట్లాడుతున్నప్పటికే ఆ ఊళ్లో ఒక ఇల్లు వెలిలో ఉంది. అది ఆయన సొంత తమ్ముడి ఇల్లని నాకు కొంత ఆలస్యంగా తెలిసింది. చెప్పింది కూడా ఆయనే, చాయ్ తాగుతూ, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

కాలువ నీళ్ల వంతు దగ్గర తమ్ముడికీ పక్క పొలం వాడికీ తగాదా వచ్చింది. కమిటీ పక్క పొలం వాడి వైపు తీర్పు చెప్పింది. తమ్ముడు బోధన్ ఠాణాకు పోయి ఫిర్యాదు రాసిచ్చాడు. అదీ నేరం.

"నీళ్ల వంతు మా తమ్మునిదే సార్," అన్నాడు ఆయన. "మా తీర్పే తప్పు. గని తప్పయితే మళ్ల కమిటీకి రావాలె. ఊరి మీదికెల్లి ఠాణాకు పోతడా?"

ఆ పని ఇంకొకరు చేసుంటే జుర్మానా వేసేవారు. పెద్దమనిషి సొంత తమ్ముడిని వదిలేశాడని ఊరు అనుకోకూడదు, అలాగని తమ్ముడు నలిగిపోకూడదు. అందుకని ఆయన తనకు తోచిన దయ ఒకటి చేశాడు. జుర్మానా లేదు, ఏమీ లేదు. తమ్ముడు కమిటీ కూర్చునే చావిడి ముందుకు వచ్చి, చెప్పులు విడిచి, తప్పయింది అనాలి. అంతే. "అడిగింది ఒక్క మాటే సార్," అని ఆయన నాతో అన్నది చాలాసార్లు. శిక్ష చిన్నదైతే తలవంచడం తేలికని ఆయన నమ్మకం. ఉప్పూ మిరం నూరుకుని తిని బతుకుతాను గాని చావిడి ముందుకు రానని తమ్ముడు కబురు పంపాడు. ఆ కబురు చెప్పేటప్పుడు ఆయన నవ్వాడు. తమ్ముడి పౌరుషం మీద కొంచెం గర్వం కూడా ఉందేమోనని నాకు అనిపించింది.

నేపాల్ సంగతి ఆయన అనుకున్నట్టే తేలింది. అక్కడ రాజు దిగివచ్చి అధికారం వదులుకున్నాడు, కొత్త ప్రభుత్వం ఢిల్లీతో సర్దుకుంది, దారులు తెరిచారు. ఆ రోజు ఆయన మా డెస్కు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. రాజును వంచింది కాఠ్మండూ వీధుల్లోకి వచ్చిన అక్కడి జనం కూడా అని నేనన్నాను. కిరోసిన్ లేక కష్టపడ్డవాళ్లు మన మీద పెంచుకున్న కోపం దారులు తెరిచినంత మాత్రాన పోదని కూడా అన్నాను. ఆయన బజ్జీ కొరుకుతూ, "కోపం గీపం రెండు దినాలు సార్. వచ్చిండా లేదా?" అన్నాడు.

తర్వాత ఇరాక్ మీద ప్రపంచ దేశాలన్నీ కలిసి ఆంక్షలు పెట్టాయి. తిండిగింజలకూ మందులకూ మాత్రం మినహాయింపు ఉంటుందన్న వార్త నేను అనువదిస్తుంటే ఆయన పక్కనే ఉన్నాడు. మళ్లీ చదవమన్నాడు. "మేం గూడ గట్లనే పెట్టినం" అన్నాడు, ఆ దేశాలన్నీ ఆయన్ని సలహా అడిగి చేసినంత సంతోషంగా.

వాళ్ల తల్లి చిన్నకొడుకు దగ్గరే ఉండేది. ఆమెకు పాలు, మందు గోలీలు, వండిన కూర ఇవ్వొచ్చని కమిటీ ఒప్పుకుంది. ఆమెతో మాట్లాడవచ్చు కూడా. ఆయన ఇంటికీ తమ్ముడి ఇంటికీ మధ్య ఒకే గోడ. మొదటిసారి ఆయన భార్య గిన్నెలో కూర పట్టుకుని వెళితే, ముసలామె అడిగిందట: "గిది నాకా, ఇంటికా?" నీ ఒక్కదానికే అవ్వా అంటే, మూత పెట్టి గిన్నె తిరిగి చేతికిచ్చిందట. ఇంకోసారి వెళ్లినా అదే. "మా అవ్వ మొండిది" అని ఆయన ఈ ముచ్చట మా డెస్కు ముందు నవ్వుతూ చెప్పాడు. మేమూ నవ్వాం. కొన్నాళ్లకు ఇరాక్ ఆసుపత్రుల్లో పసిపిల్లలకు మందులు అందడం లేదన్న వార్తలు రావడం మొదలైంది. కాగితం మీద మినహాయింపు అలాగే ఉంది. ఆ వార్తలు ఆయన చదివేవాడు. ముసలామె గిన్నె ముచ్చట మాత్రం మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

చెరుకు ఒక విధంగా పసిబిడ్డ లాంటి పంట. ఫ్యాక్టరీ కోత ఆర్డర్ ఇచ్చినప్పుడు కొట్టాలి, కొట్టాక బండెక్కించాలి, లేకపోతే రసం ఇంకిపోతుంది. వెలి వేసిన మొదటి సీజన్‌లో తమ్ముడి తోటలో కత్తి పట్టేవాడు లేక చెరుకు పూత పెట్టి, గట్టిపడి, చివరికి పశువులకు మేతయింది. ఇక వస్తాడని ఆయన చావిడి అరుగు కడిగించి పెట్టాడు. తమ్ముడు రాలేదు. తర్వాతి సీజన్‌లో మహారాష్ట్ర నుంచి ఎడ్లబండ్ల మీద పెళ్లాం పిల్లలతో వచ్చే కోత కూలీలు ఊరి బయట గుడిసెలు వేసుకున్నారు. తమ్ముడు పోయి అడిగితే వాళ్లు తోటలో దిగారు. కమిటీ మనుషులు వెళ్లి అడ్డం చెబితే, ఆ కూలీల మేస్త్రీ తలపాగా సర్దుకుంటూ "ఆమ్హాలా కాయ?" అన్నాడట. మాకేంటి అని. మీ ఊరి తగాదాలతో మాకేం పని అని.

కొట్టిన చెరుకును తమ్ముడు మంజీర దాటించి అవతల మహారాష్ట్రలోని బెల్లం గానుగలకు తోలాడు. అటు పోయిన బండి ఖాళీగా తిరిగి రాదు కదా. ఉప్పు, నూనె, మిరపకాయలు ధర్మాబాద్ నుంచి వచ్చాయి. క్షవరం అక్కడే, బట్టలు అక్కడే. బిడ్డ పెళ్లి అటు వైపే చేశాడు. దారులు మూస్తే తమ్ముడు చావిడి దాకా వస్తాడని ఆయన అనుకున్నాడు. చావిడి దారి తప్ప తమ్ముడికి మిగతా దారులన్నీ దొరికాయి. ఇరాక్ చమురు పక్క దేశాల లారీల్లో దొంగతనంగా పోతోందని వార్త వచ్చిన రోజు ఆయన దాన్ని రెండుసార్లు చదివి, పేజీ మడిచి కింద పెట్టాడు.

తొంభైల నడుమ ఒక వేసవిలో తమ్ముడు పొలం కౌలుకిచ్చి, తల్లిని వెంటబెట్టుకుని నది అవతలికి వెళ్లిపోయాడు. ముసలామె అక్కడే చనిపోయింది. కర్మలు అయిపోయాక గాని ఈయనకు తెలియలేదు. తెలియజేయడానికి ఊళ్లో ఎవరికీ వాళ్లతో మాటలు లేవు కదా. ఒక మధ్యాహ్నం గుండు చేయించుకుని మా ఆఫీసుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఊళ్లో గుండు చేయించుకుంటే ఎందుకని అడుగుతారని మా బస్టాండ్ దగ్గర చేయించుకున్నాడట. ఆ రోజు ఎవరి గురించీ అడగలేదు. పేజీ ఇస్తే తీసుకున్నాడు గాని మడత విప్పలేదు.

మనదేశం అణుపరీక్షలు చేసిన ఏడాది ఎండాకాలంలో జరిగింది నాకు బాగా గుర్తు. అమెరికా, ఇంకొన్ని దేశాలు మన మీద ఆంక్షలు పెట్టాయి. ఆయన కండువాతో చెమట తుడుచుకుంటూ వచ్చాడు. అంత కోపంలో ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"మనలను వెలేసిండ్రట గద?"

వేశారన్నాను. అప్పులు ఆపుతారు, యంత్రాలు ఆపుతారు అన్నాను.

"ఏం జేయాల్నట మనం?"

"ఒప్పందం మీద సంతకం పెట్టాలట. ఇంకెప్పుడూ పరీక్షలు చెయ్యమని మాటివ్వాలట."

"గంతేనా?" అన్నాడు. ఆ వెంటనే గొంతు పెంచాడు. "ఎందుకియ్యాలె మాట? వాళ్ల తానకు పోయి చేతులు కట్టుకొని నిలబడుతమా? మనం గంత లేకిగున్నమా? ఉప్పు మిరం నూరుకొని తింటం గని..."

అక్కడ ఆగిపోయాడు. డెస్కులో మావాళ్లు బాగా చెప్పారు అంటూ తలలూపుతున్నారు. ఆయన మాత్రం నా కుర్చీ వైపు జరిగాడు. నా ఒక్కడికే వినబడేట్టు, "మా తమ్ముడు గిట్లనే అన్నడు సార్" అన్నాడు.

అయితే వెలి ఎత్తేయండి అన్నాను.

"ఎత్తేస్తే గిన్ని ఏండ్లది ఏమైతది? మా అవ్వది ఏమైతది?"

ఆంక్షల మీద సంపాదకీయాలు ఎన్నో అనువదించాను. అవి పనిచేస్తాయా లేదా అని రెండు పక్షాలూ చేసే వాదనలు నాకు కంఠతా వచ్చు. పెట్టినప్పుడు అడిగింది చిన్నదే అయినా, అవతలివాళ్లు పడ్డ కష్టమంతా వచ్చి ఆ చిన్నదాని మీద కూర్చుంటుందని, అప్పుడు దాన్ని ఇవ్వడం వాళ్ల తరమూ వదులుకోవడం వీళ్ల తరమూ కాదని ఎవరూ అంత స్పష్టంగా రాసినట్టు గుర్తు లేదు. చావిడి ముందు అనాల్సిన ఆ మాట మొదటి సీజన్‌లో తమ్ముడికి ఎంతో కొంత నామోషీ. ఎండిన తోట, తిరిగొచ్చిన గిన్నె, పరాయి ఊళ్లో పోయిన తల్లి తర్వాత దాన్ని అనడమంటే అవన్నీ దండగ అని ఒప్పుకోవడమే. ఎత్తేయడమంటే ఈయనకూ అంతే.

అయినా ఆయన ప్రయత్నించాడు. అప్పటికి కమిటీ పెద్దరికం చేతులు మారింది. కుర్రవాళ్లు వచ్చారు. తమ్ముడి మీద వెలి ఎత్తేయాలని కమిటీలో అడిగాడు. వాళ్లు మర్యాదగానే విన్నారట. తమ్ముడి ఇంటివాళ్లు వచ్చి అడగకుండా ఎలా ఎత్తేస్తాం, రేపు అందరూ ఇలాగే కూర్చుంటారు అన్నారట. చివర్లో ఒకడు, "గా రూల్ నువ్వు పెట్టిందే గద పెద్దబాపు" అన్నాడట. అది చెబుతూ ఆయన చిన్నగా నవ్వాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఎవరికీ తెలియదు. నాకు చెప్పాడు. ఒక రోజు పొద్దున్నే బోధన్‌లో బస్సెక్కి, మంజీర మీది సాలూర వంతెన దాటి, తమ్ముడి ఊరికి వెళ్లాడు. వెళుతున్నప్పుడు బస్సులో ఒకటి నిశ్చయించుకున్నాడట. తమ్ముడి నోట వినాలని అన్నేళ్లు కూర్చున్న ఆ మాట తానే అనేద్దామని. ఆయనకు కావలసింది తమ్ముడు ఊళ్లోకి రావడం. ఒకే గోడకు అటూ ఇటూ మళ్లీ రెండు పొయ్యిలు రాజుకోవడం. మాట ఎవరు అంటే ఏమిటి అనుకున్నాడు.

ఇంటి ముందు నిలబడితే ఒక కోడలు వచ్చి, "కోణ్ పాహిజే?" అంది, ఎవరు కావాలి అని. తమ్ముడి పేరు చెప్పాడు. తమ్ముడు బయటకు వచ్చాడు. నెత్తిన మరాఠీ రైతుల తెల్లటోపీ ఉంది. చూడగానే గుర్తుపట్టాడు. నులక మంచం వాల్పించి, నీళ్లు ఇప్పించాడు, చాయ్ పెట్టమని లోపలికి మరాఠీలో చెప్పాడు.

"తప్పయిందిరా తమ్మీ అని నేనే అన్న సార్. నోట్లెకెల్లి వచ్చింది. కష్టమే కాలె."

"ఏమన్నాడు?"

"ఏం తప్పే అన్నా, అవన్ని ఎప్పటియో, ఇడ్సిపెట్టు అన్నడు. చాయ్ తాగుమన్నడు." కండువా భుజం మార్చుకున్నాడు. "జరసేపయినంక, మీ ఊళ్లె ఈసారి వానలు మంచిగ పడ్డయా అని అడిగిండు."

మా ఆఫీసు బయట రోడ్డు మీద బీడీ ఆకు మూటలతో ఒక లారీ ఆగి ఉంది. దాని వైపు చూస్తూ అన్నాడు:

"తిట్టినా బాగుండు సార్. వానికి కోపం లేదు."

ఆ తర్వాత ఆయన రావడం తగ్గింది. ఆఫీసులో టెలిప్రింటర్ తీసేసి కంప్యూటర్లు పెట్టారు, బెంచీ ఎక్కడికో పోయింది. మన సైన్యం పాకిస్తాన్ సరిహద్దుకు పోయి నెలల తరబడి నిలబడి వెనక్కి వచ్చినప్పుడు ఒకసారి ఫోన్ చేశాడు. పోయినవాళ్లు ఏం తెచ్చారు అని అడిగాడు. తెచ్చామని కొందరు, లేదని కొందరు అంటున్నారన్నాను. అవతల నుంచి ఊఁ అన్న చప్పుడు వచ్చింది. బాగ్దాద్ పడిపోయాక బోధన్ బస్టాండ్‌లో కనిపించాడు. కర్ర పట్టుకున్నాడు. నేనే కదిలించాను.

"వంగలే సార్. ఇరగ్గొట్టిండ్రు," అన్నాడు. "గిప్పుడు మాట్లాడాలంటే ఎవలతోని మాట్లాడుతరు?"

ఆయన పెద్దకర్మ రోజు ఆ ఊరికి వెళ్లాను. టెంటు వేశారు. జనం బాగానే వచ్చారు. ఇప్పటి కమిటీ పెద్ద ముప్పై దాటని మనిషి, బండి దిగి నన్ను గుర్తుపట్టి వచ్చి నమస్కారం పెట్టాడు. ఆయన తమ్ముడు వచ్చాడా అని అడిగాను.

"లేదు సార్. కబురు పోలె. వాళ్లు వెలిల ఉన్నరు గద."

"ఇప్పటికీనా? ఎందుకు వేశారు?"

అతను పక్కనున్న వాళ్ల వైపు చూశాడు. వాళ్లకూ తెలియదు.

"మాకు ఎరుక లేదు సార్. మా చిన్నప్పటిది. ఏదో పెద్దదే చేసుంటరు."

ఎందుకో తెలియనప్పుడు ఎత్తేయవచ్చు కదా అన్నాను.

"మాదేం పోయింది సార్, ఎత్తేస్తం," అన్నాడు. "వాళ్లు రావాలె గద ముందు." అని, విస్తళ్లు వేశారంటూ నన్ను భోజనానికి తీసుకెళ్లాడు.